ఉప్పునీళ్ళ గిన్నె

పంతొమ్మిది వందల నాలుగులో నన్ను మద్రాసు నుంచి కాకినాడకు పంపారు. హోదా ఎలక్ట్రిక్ మేస్త్రీ. ఒక జమీందారు గారు ఇంగ్లీషు సీమ నుంచి తెప్పించుకున్న కరెంటు పడవను చూసుకోవడం నా పని. ధవళేశ్వరం, కాకినాడల మధ్య కాలవలో పొగా చప్పుడూ లేకుండా పోయే ఆ పడవను చూడడానికి రేవుల్లో జనం విరగబడేవారు. అది నా తెలివేనన్నట్టు నేను మీసం దువ్వుకునేవాణ్ణి.

దాని బలమంతా అడుగున వరసగా పేర్చిన బ్యాటరీ పెట్టెల్లో ఉండేది. వాటిని నింపడానికి మూడు దారులు. జమీందారు గారి బంగళా డైనమోతో ఎనిమిది గంటలు నెమ్మదిగా నింపవచ్చు. లోపలి సీసపు రేకులకు అదే క్షేమం. దారిలో ఒక బియ్యం మిల్లువారు దీపాల కోసం పెట్టుకున్న డైనమోతో, గంటలో కొంత ఎక్కించుకోవచ్చు. ఆ వేగానికి రేకులు వేడెక్కి వంగిపోతాయని దివాను గారు అలా చేయవద్దన్నారు. ఇక ఖాళీ పెట్టెలు దించి, నిండినవి ఎక్కించడం మూడోది. ఆ అదనపు పెట్టెలేమో కాకినాడలోనే ఉండేవి.

ఎలా నింపినా డైనమో ప్లస్సు తీగ బ్యాటరీ ప్లస్సుకే తగలాలి. తారుమారైతే ఉన్న బలం కూడా పోతుంది. అందుకని ముందుగా డైనమో తీగల కొసలు రెండూ ఉప్పునీళ్ళలో ఎడంగా ముంచి చూస్తాం. బుడగలు ఎక్కువ వచ్చేది మైనస్సు. అర నిమిషం పని. మిల్లు డైనమోలో ప్లస్సు తీగ బిగించే మరకు నేనే ఎర్రరంగు పూశాను గనక అక్కడ ఆ పరీక్ష ఎప్పుడో మానేశాను.

ఆ ఏడు దసరా వెళ్ళిన మర్నాడు, మా పడవ నడిపే సరంగు ఏసుదాసు భార్య మార్తమ్మకు కాన్పు కష్టమైంది. తొలిచూలు. మంత్రసాని చేతులెత్తేసింది. కాకినాడ మిషను ఆసుపత్రిలో దొరసాని డాక్టరుంది. జమీందారు గారి అనుమతితో, పెట్టెలు నింపేదాకా ఆగకుండా, మార్తమ్మను పడవలో పడుకోబెట్టుకుని తెల్లవారగానే ధవళేశ్వరం నుంచి బయలుదేరాం. తొమ్మిదింటికి మిల్లు చేరాం. బ్యాటరీలో మిగిలిన బలం, మిగిలిన దూరంలో సగానికి కూడా చాలదు.

"అయ్యగారూ, నొప్పులు ఎక్కువైపోతన్నాయండి," అన్నాడు ఏసుదాసు.

"గంటలో బయలుదేరదాం. రేకులు పోతే దివాను గారికి నేను చెప్పుకుంటాను," అన్నాను.

లోపలికి వెళ్ళి చూస్తే డైనమో పసుపు కుంకాలతో కళకళలాడుతోంది. ఆయుధపూజ కదా! నా ఎర్ర గుర్తు ఉండాల్సిన చోట రెండు మరలకూ నిండుగా కుంకం బొట్లు. ఇంజను డ్రైవరు సుబ్బయ్యను అడిగాను.

"మొత్తం ఊడదీసి తుడిచామండి. మళ్ళీ ఎక్కడివక్కడే బిగించేశామండి," అన్నాడు.

ప్లస్సు ఎప్పుడూ కుడివైపే ఉండేది. ఉప్పునీళ్ళు గుర్తుకు రాకపోలేదు. నేను గుర్తు పెట్టిన మరలకు పరీక్షేమిటన్న పొగరు, బయట పడవలోంచి ఆ అమ్మాయి మూలుగు. రెండూ కలిసి నన్ను తొందరపెట్టాయి. తీగలు కలిపాను. ఫ్యూజు తీగ టప్పున కాలిపోయింది. అప్పుడైనా ఆగవద్దూ! వేగంగా నింపుతున్నందుకే కాలిందనుకుని లావుపాటి తీగ వేశాను. పావుగంటకు పెట్టెలు కుతకుతలాడుతున్నాయి. మీటరు ముల్లు పైకి పోవలసింది పోయి కిందికి దిగుతోంది. గబగబా తీగలు లాగేసి, గిన్నెలో ఉప్పు కలిపి ముంచాను. బుడగలు కుడివైపు తీగకు వచ్చాయి. తుడిచినప్పుడు తీగలు అటువి ఇటు మారిపోయాయి. తల ఎత్తితే గుమ్మంలో ఏసుదాసు నిలబడి చూస్తున్నాడు.

బ్యాటరీలో ఉన్న కాస్తా పోయింది. మిల్లు హమాలీలు ఎనిమిది మంది తాడు భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగారు. ఆసుపత్రికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. తల్లి బతికింది. మగపిల్లవాడు, కడుపులోనే పోయాడు. మధ్యాహ్నం తెచ్చినా దక్కేవాడేమో అంది డాక్టరమ్మ. తీగలు సరిగ్గా కలిపి ఉంటే మేము మధ్యాహ్నానికే చేరేవాళ్ళం.

దివాను గారికి ఇచ్చిన రిపోర్టులో, మిల్లువారు తీగలు మార్చి బిగించినందున బ్యాటరీ చెడిందని రాశాను. అందులో అబద్ధం లేదు. పరీక్ష చేయలేదన్న మాట మాత్రం రాయలేదు. సుబ్బయ్యకు చీవాట్లు పడ్డాయి. నాకు సిగ్గనిపించింది, అయినా నోరు విప్పలేదు. ఏసుదాసూ ఎవరితోనూ అనలేదు.

కొత్త రేకులు వచ్చాక మళ్ళీ అదే మిల్లు దగ్గర పడవ ఆపాం. నేను తీగలు పట్టుకుని లేచేసరికి ఏసుదాసు ఒక గిన్నెతో ఉప్పునీళ్ళు తెచ్చి నా ముందు పెట్టాడు.

"చూసి కలపండయ్యగారూ," అన్నాడు.

చూసే కలిపాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళ సర్వీసులో, అంతకుముందు రోజు నేనే బిగించిన తీగనైనా ఉప్పునీళ్ళలో ముంచకుండా కలపలేదు. కుర్ర మేస్త్రీలు చాదస్తమని నవ్వేవారు. నింపే దారుల్లో ఏది మంచిదని వాళ్ళు అడిగితే, ముందు గిన్నె తెమ్మనేవాణ్ణి.