బ్లేడుకు కనబడేది అంచే

అలావుద్దీన్ చొక్కా జేబుకు ఎప్పుడూ ఒక పిన్నీసు గుచ్చి ఉంటుంది. మిషన్ మీద స్టిక్కరు కోశాక అక్కర్లేని ముక్కలు లేపెయ్యడానికి అది. 2003 దాకా ఆ జేబులో కుంచెలు ఉండేవి.

పుంగనూరులో ఇరవై రెండేళ్లు బోర్డులు రాసిన మనిషి. బస్సుల మీద ఊళ్ల పేర్లు, ఎరువుల అంగళ్ల గోడలు చాలావరకు ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక పిలిచేవాళ్లు తగ్గిపోయారు. హార్స్లీ హిల్స్‌లో రిసార్టు గోడలకు రంగు కొట్టే కూలిపని ఉందని తెలిసి, భార్య గుల్జార్ బీ "అదీ రంగే గదా" అంది. అక్షరం వదిలి బతకడం ఆయనకు ఊహకు అందలేదు. నలభై ఆరేళ్ల వయసులో మదనపల్లె బస్సెక్కి, బస్టాండు దగ్గర స్టిక్కర్ల అంగడి నడిపే అమరావతి దగ్గర కంప్యూటర్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆమెకు ఇరవై ఆరేళ్లు.

మూడో నెలలో కుప్పం నుంచి మొదటి పని వచ్చింది. అక్కడ గ్రానైటు యార్డు నడిపే తిమ్మప్ప పిలిచాడు. ఒక రైతు కుటుంబం తల్లి పేరున పశువులకు నీళ్లతొట్టి కట్టించింది. నల్లరాతి పలక మీద 'మునిలక్ష్మమ్మ' అని చెక్కాలి. మందపాటి స్టిక్కరులో అక్షరాలు కోసి రాతికి అంటించి, అక్షరాల వరకు లేపేస్తే, కంప్రెసరుతో ఇసుక కొట్టినప్పుడు ఆ ఖాళీల్లోనే రాయి గుంత పడుతుంది. తొట్టి ప్రారంభం శుక్రవారం. పని నచ్చితే యార్డులో పేర్లన్నీ నీకే అన్నాడు తిమ్మప్ప. నచ్చకపోతే హార్స్లీ హిల్స్ ఎలాగూ ఉంది.

కంప్యూటర్‌లో ఉన్న అక్షరాలు అలావుద్దీన్‌కు నచ్చలేదు. కుంచెతో రాసినట్టే సొంతంగా పేర్చుకున్నాడు. మొదట గుండ్రం, దాని మీద తలకట్టు, కింద ఒత్తు. తెర మీద అన్నీ నలుపే కనుక ఏది దేని మీద పడిందో తెలియలేదు. ఆ రోజు అమరావతి తంబళ్లపల్లెకు పోయింది. ఆయనే మిషన్ మీద కోసుకుని, స్టిక్కరు చుట్ట చంకన పెట్టుకుని బుధవారం కుప్పం చేరాడు.

పలకకు అంటించి పిన్నీసుతో మొదటి అక్షరం లేపితే సగమే లేచింది. గీతలు ఒకదాని మీద ఒకటి పడిన ప్రతిచోటా మిషన్ బ్లేడు అడ్డంగా కోసేసింది. ఒక ముక్క లాగితే పక్క ముక్క, దాంతోపాటు బయటి అంచు చిరిగి వచ్చాయి.

తిమ్మప్ప వంగి చూశాడు. "ఏందప్పా, పేరు రాయమంటే ముగ్గేసినావే."

"గీత మీద గీతే గదప్పా ఏసింది. రంగైతే కలిసిపోయిండేది."

"ఈడ రంగు యాడుండాది? శుక్రారం వాళ్లకు నేనేం సెప్పల్ల?"

"రేపు సాయంత్రానికి తెస్తాను. ఇసక కొట్టొద్దు."

గురువారం పొద్దున్నే ఆ చిరిగిన చుట్ట చూసి అమరావతి నవ్వు ఆపుకుంది. "వెల్డ్ కొట్నావా అన్నా?"

"అదేందమ్మా?"

ఆమె తెర మీద రెండు సున్నాలు గీసి, ఒకదాని మీదికి ఒకటి జరిపింది. "పెనం మీద రెండు దోసెలు తగులుకున్న్యాయనుకో. వెల్డ్ కొడితే రెండూ ఒకటే దోసె, సుట్టూ ఒకటే అంచు. ఈ పక్కది ట్రిమ్. మీది దోసె ఆకారాన్ని కింది దాంట్లోంచి కోసేస్తాది. ఇది ఇంటర్‌సెక్ట్. రెండూ కలిసిన సోటును ముక్కగా ఇస్తాది. నీకు నలుపు కనబడతాండాది. బ్లేడుకు కనబడేది అంచే."

"ఇరవై రెండేండ్లు అంచు సూడకుండా రాసినానా నేను?"

"రాసినావు. రంగు కప్పేసింది లేన్నా."

నలుపు తీసేసి గీతలు మాత్రమే చూపిస్తే, ఒక్క 'క్ష్మ'లోనే తొమ్మిది గీతలు అడ్డంగా పోతున్నాయి. ఆయనే మౌస్ పట్టుకుని ఒక్కో అక్షరానికి వెల్డ్ కొట్టాడు. లోపలి గీతలు మాయమయ్యాయి.

"కలిపినాక మళ్లా విడదీసేకి కాదన్నా. విడిగా ఉండేది ఒకటి, కలిపింది ఒకటి, రెండు ఫైళ్లు పెట్టుకో. విడిగా ఉండేది నాకూ ఒకటి ఇయ్యి. నా కాడుండే అక్షరాల్లో ఈ 'క్ష్మ' ఇంత బాగ రాదు."

కలిపిన ఫైలుకు కంప్యూటర్ పేరడిగింది. ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అమరావతి అని కొట్టాడు.

"నా పేరు యాల పెట్నావు?"

"ఆయమ్మ పేరు రాయి మీద ఉంటాది గదమ్మా. దీనికి నీది ఉండనీ."

ఆ సాయంత్రం కుప్పంలో అక్షరాలు ఒక్కొక్కటీ చిరగకుండా లేచి వచ్చాయి. ఇసుక కొట్టి, నీళ్లు పోసి కడిగాక తిమ్మప్ప 'క్ష్మ' గాడిలో బొటనవేలు పెట్టి చివరిదాకా నడిపించాడు.

"ఈ ముగ్గు బాగుండాది," అని జేబులోంచి ఇంకో మూడు పేర్లున్న కాగితం తీశాడు.

అలావుద్దీన్ ఇప్పటికీ ప్రతి పనికీ రెండు ఫైళ్లు పెడతాడు. విడిగా ఉన్నదానికి రాయించుకున్నవాళ్ల పేరు, కలిపినదానికి అమరావతి పేరు, పక్కన నంబరు. 2009 మార్చి ఆఖరికి ఆ నంబరు 1,312.