దేవుడి పేరు చెప్పి కోయించిన మంచం

పొద్దున ఎదురింటి కోడలు వచ్చి మా పూజామండపాన్ని ఫోన్లో ఫోటోలు తీసుకుపోయింది. ఎదురుగా నిలబడి ఒకటి, పక్కకు వంగి ఒకటి, చెక్కుడు పని కనబడేలా దగ్గరికి జరిగి ఒకటి. "మా మిద్దెపైన గూడా పాత మంచం ఒకటి ఎండకూ వానకూ పడుండాది పిన్నమ్మా. మీ వడ్రంగి ఆచారి నెంబరు ఇయ్యండి, ఇట్లాంటిదే చేయించుకుంటా" అంది. పాత సామాను పారెయ్యకుండా పనికొచ్చేలా చేసుకోవడం నా దగ్గరే నేర్చుకోవాలని మెచ్చుకుంది కూడా. నెంబరు వెతికి ఇస్తానన్నాను. నిజానికి వెతకాల్సిన పని లేదు, అది నా ఫోన్లోనే ఉంది. ఆ మెచ్చుకోలు గొంతు దిగక అలా అనేశాను. ఆ పిల్ల వెళ్లిపోయాక, వత్తులు చేసుకోవాల్సిన దూది ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆ మండపం ఒకప్పుడు మా మామ చేయించిన పట్టెమంచం. చిత్తూరు దాటి తమిళ సరిహద్దు వైపున్న పల్లెలో కాపురం ఉన్నప్పుడు, పెరట్లో పడిపోయిన పనసచెట్టుతో చేయించాడట. కొత్తలో పసుపుపచ్చగా ఉండేదట గానీ, నేను కోడలిగా వచ్చేసరికి ముదురు బెల్లం రంగుకు తిరిగింది. కోళ్లు నాలుగూ బొంగరాల మీద బొంగరాలు పేర్చినట్టు గుండ్రంగా చెక్కి ఉండేవి. తలాపు చెక్కమీద రెండు చిలకలు ముక్కులు ఆనించుకుని కూర్చుని ఉండేవి. వాటిలో ఒకదానికి ముక్కు లేదు. మా ఆయన చిన్నప్పుడు మేకుతో ఊడగొట్టారని మా అత్త అనేది, తాను కాదని ఆయన ఈనాటికీ అంటారు. మామకు తిరుపతిలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆ ఇంటి సామానంతా అక్కడే వదిలేసి, ఈ మంచాన్ని మాత్రం లారీలో వేయించుకుని వచ్చాడు. వచ్చినప్పటినుంచీ దాని చోటు ముందుగదే.

తిరుపతిలో ముందుగదీ, అందులో మంచమూ ఉన్న ఇంటికి చుట్టాలు ఎలా వస్తారో ఈ ఊళ్లో కాపురం చేసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మా పెళ్లిలో భోంచేసిన ప్రతివాళ్లూ, వాళ్ల వియ్యంకులూ, ఆ వియ్యంకుల పక్కింటివాళ్లూ కొండకు పోతూనో కొండ దిగుతూనో మా గడప తొక్కారు. పొద్దున జుట్లతో బయలుదేరిన కుటుంబం సాయంత్రానికి గుండ్లతో తిరిగొస్తే ఎవరు ఎవరో పోల్చుకోవడానికి కాసేపు పట్టేది. ఒకసారి గంధం పూసిన చిన్న గుండ్లు ఆ మంచంమీద అడ్డంగా వరసగా పడుకుని నిద్రపోతుంటే, మా ఆయన ఆఫీసునుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయి, "వీళ్లల్లో మనోడు యాడుండాడు మే?" అన్నారు. మా అబ్బాయికి ఆ రోజు గుండు గీయించనే లేదు. వాడు చోటు చాలక మంచం కింద దూరి పడుకున్నాడు.

నేను బడికి పోయినదాన్ని కాను. మా నాయనే ఇంట్లో ఇసుక పోసి అక్షరాలు దిద్దించాడు. కొండకు పోయే మనిషికి మనం పెట్టేది స్వామికి పెట్టినట్టేనని అక్షరాలతోబాటు అదీ నేర్పాడు. చాలా ఏళ్లు నేను ఆ మాట మీదే నిలబడ్డాను. స్వామి దయవల్ల ఇంట్లో ప్రసాదం లేని వారం ఉండేది కాదు, ఆ లడ్డూ వాసన మా ఉప్పు డబ్బాకు కూడా పట్టేసింది. ఇంతమంది పాదాలు నా ఇంట్లో పడ్డాయి కదా అని నిజంగానే దండం పెట్టుకునేదాన్ని. కానీ వయసు మీదపడ్డాక ఆ దండంలో చిన్న విసుగు కలిసింది. దుప్పట్లు ఉతికి ఆరేసి, అవి ఆరకముందే మళ్లీ ఫోను మోగితే, నమస్కారమూ నిట్టూర్పూ ఒకేసారి వచ్చేవి.

నిరుడు వేసవిలో మా అమ్మాయి తన ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎవరో పాత మంచాన్ని కోసి పూజామండపం చేసుకున్నారు. కోళ్లు స్తంభాలయ్యాయి, తలాపు చెక్క పైకప్పు ముఖానికి ఎక్కింది. చూస్తుండగానే నా మనసులో ఒక తలుపు మూసుకున్న చప్పుడు హాయిగా వినిపించింది. మంచం లేకపోతే పడుకోమని ఎవరినీ అనక్కర్లేదు. దేవుడు కూర్చున్నచోట పడక వెయ్యమని ఎవరూ అడగరు. ఆ ఆలోచనను నాకు నేనే చెప్పుకోకుండా, భక్తి అనే గుడ్డ కప్పి లోపల పెట్టుకున్నాను.

ఆచారి వచ్చి మంచాన్ని తట్టి చూసి, "చెక్క ఇంకా రాయి మాదిరి ఉండాది కదమ్మా, ఎందుకు కోసేది?" అన్నాడు.

"దేవుడికప్పా" అన్నాను.

ఆ మాటకు ఎవరైనా ఏమంటారు? రంపం తీశాడు. మా ఆయన పడక్కుర్చీలోంచి, "సామి కొండమీద నిలబడే ఉండాడు కదమే ఇన్నాళ్లూ, ఇప్పుడాయనకు మంచం ఎందుకు?" అని ఒక చురక వేసి పేపరు తిప్పుకున్నారు. మండపం మాత్రం ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. చిత్రిక పట్టగానే లోపలినుంచి ఆ పాత పసుపు రంగు బయటపడింది. మిగిలిన చెక్కతో పీట కూడా అయింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఎవరైనా ఫోన్ చేసి వస్తామంటే, "పడుకునేదానికే జాగా లేదు, ఎట్ల మరి?" అని బాధగా అనేదాన్ని. ఫోన్ పెట్టేశాక ఆ బాధ వెతికినా దొరికేది కాదు.

అంతా బాగానే లెక్కవేసుకున్నాను గానీ మా వదినను మరిచిపోయాను. మా ఆయనకు అక్క ఆమె, ఎనభైకి దగ్గరపడింది. మా వైపు తమిళ లెక్కన వచ్చే పెరటాసి నెల శనివారాలు స్వామికి ప్రీతి అంటారు. ఏటా పెరటాసికి ఆమె అత్తవారి పల్లెనుంచి బస్సెక్కి, చెప్పాపెట్టకుండా దిగేది. పుట్టింటికి వచ్చేదానికి ఫోను ఎందుకని ఆమె లెక్క. ఆమె పుట్టిపెరిగిన పల్లెలో ఇల్లు ఎప్పుడో అమ్ముడైపోయింది. అమ్మానాయనా పోయారు. ఆమె తొలి కాన్పు పుట్టింట్లో ఆ మంచంమీదే జరిగింది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినవన్నీ ఆచారి ముందు నిలబడ్డప్పుడు ఎక్కడికి పోయాయో తెలియదు.

నిరుడు పెరటాసి మొదటి శనివారానికి ముందురోజు ఆమె సంచీ పట్టుకుని ముందుగదిలో అడుగుపెట్టింది. సంచీ ఎప్పుడూ మంచంమీదే పడేసేది. ఆ రోజు చెయ్యి అలవాటుగా అటు పోయి, ఏమీ తగలక, సంచీ నేలమీద పడింది. అప్పుడు తలెత్తి మండపాన్ని చూసింది. దగ్గరికిపోయి స్వామికి మొక్కింది. కళ్లు తెరిచాక ముక్కులేని చిలకమీద వేలు పెట్టింది.

"ఇది మా నాయన మంచం కదమే?"

"దేవుడికని చేయించినాను వదినా" అన్నాను.

"మంచిపని చేసినావు" అంది. చిలకమీంచి వేలు తీసి నవ్వింది. "నా జాగా సామికిచ్చినావు. ఆయనతో నేను పోటీకి పోతానా?"

మా మంచంమీద పడుకోమని ఎంత బతిమాలినా వినలేదు. "మొగుడూ పెండ్లాలు పడుకునే మంచం నాకెందుకు, పోమే" అని మండపానికి ఎదురుగా చాప పరుచుకుంది. తెల్లవారి నేను కాఫీ తీసుకుపోయేసరికి చాపమీద లేచి కూర్చుని ఉంది, కానీ నిలబడలేకపోతోంది. మోకాళ్లు రెండూ బిగుసుకుపోయాయి. నేనొక చెయ్యి, మా ఆయనొక చెయ్యి పట్టి లేపాం. ఆమె మమ్మల్ని చూసి, "ఏమబ్బా, పండగ నాడు నన్ను ఊరేగిస్తా ఉండారు" అని తమ్ముణ్ణి ఆటపట్టించింది. ఆయన నవ్వలేదు. నావైపు ఒక్కసారి చూశారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన అన్న మాటలన్నిటికంటే ఆ చూపే నాకు బరువుగా తగిలింది. పోయేటప్పుడు వదిన గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "వచ్చేసారి పిల్లోళ్లు సత్రంలో రూము తీస్తామంటా ఉండారు, మీకూ పని తప్పుతాది" అంది. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఎంత వెతికినా కనబడలేదు. ఉంటే కొంచెం తేలికపడేదాన్ని.

ఆచారిని పిలిచి మళ్లీ మంచం చెయ్యగలవా అని అడిగాను కూడా. పొట్టిగా కోసిన చెక్క పొడుగవుతుందా అని అతను నవ్వాడు. పోయిన నెల కొత్త మంచం ఒకటి కొని ముందుగదిలో, మండపానికి ఇవతల వేయించాను. ఎవరు వచ్చినా పడుకోమంటున్నాను. దుప్పట్లు ఉతుకుతున్నాను. విసుగు వస్తే దానిని స్వామికే చెప్పుకుంటున్నాను. అయినా ఆ మంచం ఎవరికోసం తెచ్చానో ఆమెకు మాత్రం చెప్పడానికి నోరు రాలేదు. ఇవాళ ఆ పిల్ల ఫోటోలు తీసుకుపోయాక, దూది పక్కనపెట్టి వదినకు ఫోన్ చేశాను.

"ముందుగదిలో కొత్త మంచం ఏసినాం వదినా. ఎత్తుగా ఉండాది, లేసేదానికి నీకు సులువు. పెరటాసికి మనింటికే రా. నీకు చెప్పకుండా ఆ మంచం కోయించింది నాది తప్పు."

అవతల కోళ్ల అరుపులు వినబడ్డాయి. వాటిని అదిలించి, "తప్పేముంది లేమే, చెక్కే కదా" అంది. మళ్లీ తనే, "పిల్లోడు రూముకు కట్టేసినాడు. ఈసారికి ఆడనే దిగతాం. మద్దేన్నం మీ ఇంటికి అన్నానికి వస్తాంలే, ముందే ఫోను చేసి వస్తాం. మంచం సంగతి వచ్చే ఏటికి సూస్తాం" అంది.

మీ ఇంటికి అంది. ఫోను చేసి వస్తాం అంది. కోపం లేని గొంతుతో, ఊళ్లో ఎవరితోనైనా అన్నట్టుగా అంది. నేను సరే వదినా అన్నాను.

ఎనభైకి దగ్గరపడిన మనిషి నాకు ఒక ఏడాది గడువిచ్చింది. ఆ ఏడాది ఇవ్వడం ఆమె చేతిలో లేదు, తీసుకోవడం నా చేతిలో లేదు. ఇన్నేళ్లూ నా ఇంటికోసం, నా బిడ్డలకోసం స్వామిని కాలం అడుగుతూ వచ్చాను, ఇచ్చినదానికి దండం పెట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడు మొదటిసారి ఆమెకోసం అడుగుతున్నాను. అది ఆమె బతకాలనో, నా తప్పు దిద్దుకునేదాకా ఆమె ఉండాలనో, అడుగుతున్న నాకే తెలియడం లేదు.