జిగురక్క మీద పడ్డ పదహారు పేజీల నింద

మా వీధిలో ఒక మాట ఇంకా తిరుగుతోంది. తోడికోడలు రాసిన నవల మీద కడుపుమంటతో జిగురక్క అందులోంచి పదహారు పేజీలు చించి పొయ్యిలో పెట్టిందట. చించడం చూసినవాళ్లు లేరు, పొయ్యి చూసినవాళ్లు అసలే లేరు. అయినా దర్జీ భార్య చెబుతుంటే బూడిదతో సహా కళ్లకు కడుతుంది. చించిందన్న మాట శుద్ధ అబద్ధం. కడుపుమంట లేదని మాత్రం నేననను. ఆ రెంటినీ విడదీసి చెప్పడానికే కూర్చున్నాను.

జిగురక్క మా పై వాటాలో ఉంటుంది. పుస్తకాల బైండింగ్ ఆమె పని. వేళ్ల సందుల్లో ఎండిన జిగురు ఏ సబ్బుకూ వదలదు కనుక ఆ పేరు వచ్చింది. వీధి చివరి అద్దె లైబ్రరీ వాళ్లు ఏ కొత్త పుస్తకం కొన్నా ముందు ఆమెకే పంపుతారు. ప్రెస్సులో అంటించిన వీపు నలుగురి చేతులు మారేసరికి ఊడిపోతుంది మరి. అందుకని ఆమె దాన్ని ముందే విప్పి, పదహారేసి పేజీల మడతలుగా విడదీసి, వరుస చూసుకుని, దారంతో కుట్టి గట్టి అట్ట వేస్తుంది. ఆ మడతను ఫారం అంటారట. కుట్టే ముందు ఫారాలు లెక్కపెట్టుకోవడం ఆమెకు తలుపు గడియ వేసుకోవడంలాంటిది. పదకొండేళ్లలో ఒక్కసారీ తప్పింది లేదు.

అట్ట ఆరాక ఆ పుస్తకం చదువుతుంది. చదివి, తనకేమనిపించిందో చీటీ మీద రాసి వెనక అట్ట లోపల అంటిస్తుంది. లైబ్రరీ ఆయన మొదట్లో సణిగాడు. జనం అట్ట మీది బొమ్మ చూడడం మానేసి పుస్తకాన్ని వెనక నుంచి తెరవడం మొదలుపెట్టాక నోరు మూసుకున్నాడు.

ఆ చీటీలు నేను కూడబలుక్కుని చదివేదాన్ని. అందరూ ఎగబడి చదివిన హత్య నవల మీద ఇలా రాసింది: "చంపిందెవరో నలభయ్యో పేజీకే తెలిసిపోయింది. పోలీసాయన మొహమాటపడి మూడొందల పేజీలు ఆగాడు." ఒక ప్రేమకథ మీద: "వీళ్లిద్దరూ ఒక్క పూట ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే రెండో అధ్యాయం అక్కర్లేదు." జీవితంలో పైకి రావడం ఎలాగో చెప్పే లావుపాటి పుస్తకం మీద: "నాలుగింటికి లేవమన్నాడు, లేచాను. తర్వాతేం చెయ్యాలో రాయలేదు, మళ్లీ పడుకున్నాను."

ఒకటి ఒప్పుకోవాలి. ఆ చీటీలు చూస్తే నాకూ కళ్లు కుట్టేవి. ఏ డాక్టరు చెయ్యి మంచిది, ఏ ఇంటి కొళాయిలో నీళ్లు సరిగా వస్తాయి, ఈ వీధిలో ఎవరికేం కావాలన్నా నన్ను అడగాల్సిందే. పుస్తకం దగ్గరికొచ్చేసరికి మాత్రం నా గుమ్మం దాటి మేడెక్కేవాళ్లు. చదివింది ఐదో తరగతే అయితే మాత్రం మనిషికి అభిప్రాయాలుండవా?

నాదే ఇంత మంట అయితే ఇక ఆమెది చెప్పాలా. తోడికోడలంటే మరిది భార్య. ఒక్క కప్పు కింద కాపురమున్న రోజుల్లో ఆ పిల్లకు పుస్తకం రుచి మప్పింది జిగురక్కే. మొదటి కథలు రాసి తెచ్చి "అక్కా, చదివి చెప్పవూ" అంటూ వంటింట్లోకీ దొడ్లోకీ వెంటపడేది. జిగురక్క చదివింది, కొట్టేసింది, మళ్లీ రాయించింది. తర్వాత వేరింటికి వెళ్లిపోయారు. ఇప్పుడామె నవల ఏడోసారి అచ్చయింది. వెనక అట్ట మీద చెంపకు చెయ్యి ఆనించుకున్న ఫొటో. మొదటి పేజీలో కృతజ్ఞతలు: టైపు చేసినవాడికి, ఫొటో తీసినవాడికి, ఆఖరికి పెంపుడు పిల్లికి. జిగురక్క ఊసే లేదు.

"మర్చిపోయుంటుందిలేవే" అన్నాను.

"పిల్లి గుర్తుంది కదా పిన్నీ" అంది.

లైబ్రరీ ఆయన ఆ నవలలు నాలుగు కొని ఒక్కసారే పంపాడు. అవి కుట్టించుకుని వెనక్కి వచ్చాయి. ఒక్కదానికీ చీటీ లేదు. జనం వెనక అట్ట తెరిచి ఖాళీ కాగితం చూసి ముఖముఖాలు చూసుకున్నారు. వారం తిరక్కుండా పోస్టాఫీసు గుమస్తా వచ్చి లైబ్రరీ బల్ల మీద పుస్తకం పడేశాడు. నూట అరవయ్యో పేజీ తర్వాత నూట డెబ్భై ఏడు ఉంది. ఇంకేం, చీటీ లేకపోవడానికీ పేజీలు లేకపోవడానికీ దర్జీ భార్య ముడిపెట్టేసింది. సాయంత్రానికి పొయ్యి కూడా ముట్టించింది.

లైబ్రరీ ఆయన మేడెక్కి వచ్చాడు. మెట్లు తుడిచే నెపంతో నేనూ వెనకే ఎక్కాను.

"ఆదివారంలోగా ఆ పేజీలు నా బల్ల మీదికి రావాలమ్మా. రాకపోతే పుస్తకాలు ఇంకొకరికి ఇస్తాను. చీటీలూ వద్దు, ఏమీ వద్దు."

పని ఇంకోచోట దొరకవచ్చు. కానీ వీధిలోకి వచ్చిన ప్రతి కొత్త పుస్తకమూ ముందు తన చేతుల్లో తెరుచుకోవడమొక్కటే ఆమె ఇన్నేళ్లుగా దాచుకున్న సుఖం. అది పోతుందనేసరికి ఇల్లంతా వెతికింది. తుక్కు కాగితాల గోనె బోర్లించింది, పుస్తకాలు నొక్కిపెట్టే బరువు చెక్కలెత్తింది, మంచం కిందికి దూరింది. ఫారం దొరకలేదు.

నేనూరుకుంటానా? చిరిగిన దిండు గలీబొకటి పట్టుకుని దర్జీ భార్య దగ్గరికి వెళ్లాను. మిషను పక్కన ఆ నవలే ఉంది, లైబ్రరీ నుంచి ఆమె తెచ్చుకున్న కాపీ.

"ఎలా ఉందే?" అన్నాను.

"అబ్బ, ఏం రాసింది పిన్నీ! స్టేషన్లో కూర్చుని ఆ పిల్ల ఉత్తరం చదువుకుంటుంది చూడు, అది రెండుసార్లు వస్తుంది. మొదటిసారి కళ్లు చెమర్చాయి. రెండోసారి వెక్కి వెక్కి ఏడ్చాననుకో."

"అదే ఉత్తరం రెండుసార్లు ఎందుకు చదువుతుందే?"

"అదే మరి రచనంటే! మనసు వెనక్కి వెళ్లదూ? నీకెక్కదులే, ఐదో తరగతి దానివి."

"ఐదో తరగతిలో లెక్కలు చెప్పారే. ఇటివ్వు."

వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాను. నూట డెబ్భై ఆరు. దాని పక్కన మళ్లీ నూట అరవై ఒకటి.

"చూడవే తల్లీ. పాపం ఆ గుమస్తాకు ఒక్కసారీ దక్కని పేజీలు తెచ్చుకుని నువ్వు రెండుసార్లు ఏడ్చావు."

ఆమె పుస్తకం లాక్కుని చూసింది. "అయినా సరే, రెండోసారే బాగుంది" అంది. మాట వెనక్కి తీసుకునే రకం కాదు.

పుస్తకం చంకలో పెట్టుకుని తిన్నగా లైబ్రరీకి నడిచాను. లైబ్రరీ ఆయన దాన్ని గుమస్తా ఇచ్చిన కాపీ పక్కన పెట్టి చూశాడు. నాలుగు పుస్తకాలు ఒక్కసారి విప్పినప్పుడు ఒకదాని ఫారం ఇంకోదాంట్లోకి వెళ్లింది, అంతే సంగతి. ఆయన నవ్వాడు కానీ సగంలోనే ఆపాడు.

"సరేనమ్మా, పని ఆవిడదే. కానీ పదకొండేళ్లుగా తప్పని లెక్క ఈ పుస్తకంలోనే ఎందుకు తప్పింది? చీటీ ఎందుకు లేదు?"

అది నాకూ తేలని ముడే. రెండు పుస్తకాలూ పట్టుకుని మేడెక్కాను. పని పోలేదన్నాను. ఆమె తలూపి, దర్జీ భార్య చదివిన కాపీ తీసుకుని కుట్టు విప్పడం మొదలుపెట్టింది. అక్కడే చతికిలబడ్డాను.

"ఏమే, సూటిగా అడుగుతున్నాను. ఆ పుస్తకం అసలు చదవలేదా, చదివి ఓర్వలేకపోయావా?"

దారం తెంపి, ఎక్కువైన ఫారాన్ని బయటికి లాగి, దాన్ని ఒడిలో పెట్టుకుంది.

"చదివాను పిన్నీ. కుట్టాక చదవాల్సిన దాన్ని, కుడుతూ చదివాను. లెక్క అక్కడే తప్పింది. తర్వాతేమవుతుందోనన్న ఆత్రంలో ఏ దొంతర మీంచి తీస్తున్నానో చూసుకోలేదు. నాకింతవరకూ ఏ పుస్తకంతోనూ అలా కాలేదు. చీటీ రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. బాగుందని రాయడానికి చెయ్యి రాలేదు. బాగాలేదని రాస్తే అబద్ధం. ఏడుసార్లు కాదు, డెబ్భైసార్లు అచ్చు వేసుకోనీ, ఊరంతా మెచ్చుకోనీ. ఆ ఒక్క మాటా నా చేతి రాతతో మాత్రం దానికి దక్కకూడదు. నువ్వెలాగూ ఆగవు కదా, నీ నోటితో చెప్పుకుంటే చెప్పుకో."