ఖాట్మండులో నేను కాపాడిన కుక్క

జీవితంలో ఒకే ఒక్కసారి విదేశానికి వెళ్ళాను. వెళ్ళినవాడిని దేవుణ్ణి చూసి బుద్ధిగా తిరిగి రాకుండా, అక్కడ ఒక ప్రాణాన్ని కాపాడాను. మా ఇంట్లో నామకరణమైనా, నిశ్చితార్థమైనా, నలుగురు చుట్టాలు చేరితే చాలు, ఆ కాపాడిన సంగతి చెప్పమంటారు. నేను చెప్పను. నా భార్య చెబుతుంది. ఆమె ఒక్కోసారి ఒక్కో అవమానం కొత్తగా కలుపుతోంది కాబట్టి, జరిగినంత వరకే నా పరువు పోతే చాలని ఈసారి నేనే రాస్తున్నాను.

డెబ్బైల చివరి మాట. చింతామణిలో మాకు చింతపండు, మిరపకాయల అంగడి ఉండేది. నాకు పెళ్ళయి ఏడు నెలలు. నా భార్య నాగరత్నది బాగేపల్లి. ఆమెతోపాటు ఒక కుక్క కూడా మా ఇంటికి కాపురానికొచ్చింది. పేరు కెంపు, రంగు ఎర్రమట్టి. జాతి అడగకండి, బాగేపల్లి జాతి. పెళ్ళయి ఆమె ఇటు రాగానే అది అక్కడ అన్నం మానేసిందట. మూడు రోజులు చూసి మా మామ దాన్ని బస్సెక్కించి తెచ్చి, మా గడపలో దించిపోయాడు. అది ఆమె పెడితేనే తినేది, ఆమె మంచం కిందే పడుకునేది. నన్ను చూస్తే మాత్రం గుర్రుమనేది. ఈ చుట్టం ఎన్నాళ్ళుంటాడో అన్నట్టు చూసేది.

ఆ ఏడు మా మామ యాత్ర బస్సు మాట్లాడాడు. కాశీ, గయ, అక్కణ్ణుంచి నేపాలు పోయి పశుపతినాథుడి దర్శనం. నలభై మంది మనుషులు, ఇద్దరు వంటవాళ్ళు, బస్సు మీద బియ్యం మూటలు. నేను బజారంతా ఫారిన్ పోతున్నానని చాటేశాను. ఒకడు గడియారం తెమ్మన్నాడు, ఇంకొకడు బటన్ నొక్కితే తెరుచుకునే గొడుగు తెమ్మన్నాడు. సరిగ్గా అప్పుడు నాగరత్న కుక్కను వదిలి రానని కూర్చుంది. ఆమె రాకపోతే నేనూ పోలేను, పోకపోతే బజారులో తలెత్తుకోలేను.

కుక్కను కూడా తీసుకెళదామని మామను అడిగాను. ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయనకు కోపమొస్తే చేసే మొదటి పని అదే.

"కాశీకి కుక్కను పిలుచుకొని పోతారేందప్పా? వింటే జనం నగరా?"

"కాలభైరవుని వాహనమే కుక్క గదా మామా. ఆయప్ప ఊరికే గదా పోతాండాము," అన్నాను.

మామ కండువా తీసి మళ్ళీ దులిపాడు. నాగరత్న తలుపు చాటునుంచి నా వైపు మెచ్చుకోలుగా చూసింది. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆ ఒక్క చూపుకోసం కుక్కనేమిటి, ఏనుగునైనా తీసుకెళ్ళేవాణ్ణి. మామ మాత్రం వేలు చూపించి ఒక షరతు పెట్టాడు.

"సరే. దానికేమన్నా అయితే నువ్వే జవాబుదారి. నా కూతురు కండ్లనీళ్ళు పెట్టుకుంటే నేను నిన్నే అడిగేది."

కాశీ వరకూ బాగానే జరిగింది. సరిహద్దు దగ్గర తనిఖీ అధికారి బస్సులోకి తలపెడితే కెంపును బియ్యం మూటల మధ్య దాచి, అది మొరిగినా వినబడకూడదని నలభై మందిమీ గొంతెత్తి భజన మొదలుపెట్టాం. మాకంటే శ్రుతిలో అదే బాగా ఊళపెట్టింది. అధికారి కాసేపు విని, ఇంకాసేపు వినే ఓపిక లేక దిగిపోయాడు.

అంతకుముందే గోరఖ్‌పూర్ దగ్గర బస్సు గేరుబాక్సు పోయి నాలుగు రోజులు ఆగిపోవడంతో, పండగకు ఇల్లు చేరాల్సినవాళ్ళం నరకచతుర్దశికి ఖాట్మండులో తేలాం. అది నాకు అల్లుడిగా మొదటి దీపావళి. దేశం మారినా తలంటు మానేది లేదని మా అత్త పట్టుబట్టింది. లాడ్జి పెరట్లో వంటవాళ్ళు కాగుల్లో నీళ్ళు కాచారు. నన్ను చిన్న తువ్వాలుతో పీటమీద కూర్చోబెట్టి, మా అత్త నా నెత్తిన నువ్వులనూనె గిన్నెతో కుమ్మరించింది. కొత్త అల్లుడి మీద ప్రేమను ఆమె నూనెతోనే కొలిచేది. ఒళ్ళంతా నూనె, చలికి పళ్ళు టకటకమంటున్నాయి. అప్పుడు నాగరత్న వచ్చి, తాను తల దువ్వుకొని వచ్చేదాకా పట్టుకోమని కుక్క తాడు నా చేతికిచ్చింది.

నూనె చేతిలో తాడు ఎంతసేపుంటుంది? కెంపు ఒక్క గుంజు గుంజి గేటు దాటిపోయింది. మామ వేలు కళ్ళముందు ఆడింది. పక్కనున్న కంబళి లాక్కొని, అదే తువ్వాలుతో, నూనె కారుతుండగా ఖాట్మండు వీధిలో పరుగెత్తాను.

రెండు సందులు తిరిగేసరికి కెంపు కనిపించింది. ఒక ఇంటిముందు టోపీ పెట్టుకున్న ముసలాయన, ఆయన ఇంటివాళ్ళు కూర్చునున్నారు. మధ్యలో ఎర్రకుక్క. మెడలో బంతిపూల దండ, మొహమంతా కుంకుమ, ముందు విస్తరినిండా అన్నం, మాంసం, గుడ్డు. అందరూ దానికి చేతులు జోడించి మొక్కుతున్నారు.

మీరైతే ఏమనుకునేవారో నాకు తెలియదు. మా పక్క అమ్మవారి జాతరలో ఒక జంతువుకు దండవేసి, బొట్టుపెట్టి, కడుపునిండా మేపారంటే, తర్వాత ఏం జరుగుతుందో పసిపిల్లలకు కూడా తెలుసు. మేము మాంసం ముట్టని శెట్లం కాబట్టి ఆ వేళకు పక్కవీధిలోంచి పోతాం. పైగా ముందురోజే మా వంటవాడు, ఈ దేశంలో అమ్మవారికి ఫలానా జంతువనే లేదు, ఏది దొరికితే అది కొడతారని చెప్పి ఉన్నాడు.

అది మాది, బాగేపల్లిదని తెలుగులో చెప్పాను. తర్వాత కన్నడంలో బతిమాలాను. ముసలాయన చల్లగా నవ్వి, పూలపళ్ళెం నా ముందుకు జరిపి, నువ్వూ వెయ్యమని సైగ చేశాడు. నా కుక్కను నా చేతనే సాగనంపమంటున్నాడనుకున్నాను. ఇక ఆగలేదు. కుక్కను కంబళిలో చుట్టి, చంకనపెట్టి, పరుగందుకున్నాను. అది నన్ను చూసి గుర్రుమంది. కెంపేనని రూఢి అయింది.

వెనకాల వీధంతా కేకలు వేస్తూ వస్తోంది. దారిలో చూద్దును కదా, గోడవారనున్న ప్రతి కుక్క మెడలోనూ దండ ఉంది. ఒక్కదాన్నీ వదలడం లేదు వీళ్ళు అనుకున్నాను. నిజంగా కళ్ళ నీళ్ళొచ్చాయి. నాకున్నది ఒకే కంబళి, ఎన్నింటినని కాపాడను? దారిపొడవునా వాటికి మనసులోనే క్షమాపణ చెప్పుకుంటూ లాడ్జిలో వచ్చిపడ్డాను.

"తలుపులెయ్యండి. కెంపును కొయ్యబోతా ఉండిరి. ప్రాణానికి తెగించి తెచ్చినాను," అన్నాను.

మా అత్త కొంగుతో కళ్ళొత్తుకుంది. మామ లేచొచ్చి, నూనె అని కూడా చూడకుండా నా భుజం మీద చెయ్యేశాడు. ఆ క్షణం ఇంకొంచెం సాగి ఉంటే ఎంత బాగుండేదో.

లోపలినుంచి నాగరత్న వచ్చింది. ఆమె వెనకే ఇడ్లీ ముక్క నములుతూ కెంపు వచ్చింది.

"కెంపు ఈడే ఉండాది గదా," అంది నాగరత్న. "మీరు అట్ల పోతానే ఇది ఇట్ల వచ్చె. మీ చంకలో ఉండేది ఎవురిది?"

అక్కడితో తప్పు ఒప్పుకుంటే సరిపోయేది. వయసులో ఉన్నవాడు ఒప్పుకుంటాడా?

"బాగా చూడు. నీ దగ్గర ఉండేదే ఈ ఊరి కుక్కేమో," అన్నాను.

ఆ మాటకు రెండు కుక్కలూ కలిసి నామీద మొరిగాయి.

అంతలో గేటు దగ్గర ముసలాయన, ఆయన వెంట ఇరవైమంది. మా బస్సు డ్రైవరు బాషాది చింతామణి పక్కనున్న మురుగమల్ల, హిందీ వచ్చినవాడు అతనొక్కడే. వాళ్ళు చెప్పేది వింటూ విన్నంతసేపు మీసం కింద పెదాలు బిగబట్టుకున్నాడు. చివరికి ఆపుకోలేక మెట్లమీద కూలబడి నవ్వాడు.

"శెట్టీ, ఈ దినం ఈళ్ళకి కుక్కల పండగంట. ఏడాదికొక దినం కుక్కకి దండేసి, బొట్టుపెట్టి, మొక్కి, బాగా పెడతారంట. ఈ దినం కుక్కను ఛీ అన్నా పాపమంట. నువ్వు చూస్తే పూజ మధ్యలో విస్తరి ముందర్నించి ఎత్తుకొస్తివి."

కంబళి విప్పాను. కుక్క దర్జాగా ఒళ్ళు దులుపుకొని యజమాని దగ్గరకు పోయింది. నేను పోయి ముసలాయన కాళ్ళు పట్టుకున్నాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. తువ్వాలు, కారుతున్న నూనె, గోళ్ళ గీతలు, చలికో భయానికో వణుకు. పెద్దమనిషి, జాలిపడ్డాడు. వెంట తెచ్చిన పళ్ళెంలోంచి కుంకుమ తీసి నా నుదుట బొట్టుపెట్టాడు, మెడలో బంతిపూల దండ వేశాడు, గాజులా గుండ్రంగా వేయించిన తీపి రొట్టె ఒకటి నా చేతిలో పెట్టి, చేతులు జోడించాడు.

నలభై మందీ చుట్టూ మూగి చూస్తున్నారు. నాగరత్న బాషా వైపు తిరిగి, నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగింది.

"పండగ కుక్కలకేనంటివి గదా బాషన్నా. మరి మా ఆయనకెందుకు చేసిరి?"

ఆ నవ్వు బాగేపల్లి వచ్చేదాకా బస్సులో ఆగలేదు. అందుచేత పశుపతినాథుడి సాక్షిగా, పెద్దలందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశంలోగానీ, ఏ ప్రాణి మెడలోగానీ పూలదండ కనబడితే, అది సాక్షాత్తూ మా మామే అయినా సరే, ఎందుకు వేశారో నిదానంగా అడిగి తెలుసుకునేదాకా నేను కాపాడను.