నాలుగు ఒక స్పెషల్ కేసు

ఒక్క అంకెతో బతుకుతెరువు పోగొట్టుకోవడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. అనుభవం మీద చెబుతాను.

అప్పటికి హైటెక్ సిటీ కంపెనీ నన్ను సాగనంపింది. ఇంట్లో మా ఆవిడ సుజాతకు ఏడో నెల. ఉద్యోగం సంగతి ఆమె అడగడం మానేసింది. అడిగినా బాగుండేది. అలాంటి రోజుల్లో బాచుపల్లి కాలేజీ ఒకటి డెమో క్లాసుకు పిలిచింది. ప్లేస్‌మెంట్ పరీక్షల లెక్కలు చెప్పాలి, నచ్చితే ఉద్యోగం. లెక్కలు నాకు మంచినీళ్ల ప్రాయమని సుజాతకు ధైర్యం చెప్పి బయల్దేరాను. ఆ నీళ్లే ముంచాయి.

బోర్డు మీద దర్జాగా 4¹¹ × 7⁵ అని రాసి, ఇందులో, మళ్లీ మళ్లీ వచ్చినవీ కలిపి, మొత్తం ఎన్ని ప్రధాన కారణాంకాలున్నాయని అడిగాను. షార్ట్‌కట్ చెప్పనివాణ్ణి మన ఊళ్లో ఎవరూ మాస్టారనరు కదా! పైనున్న ఘాతాలు కూడేయండి, పదకొండూ అయిదూ పదహారు అని చేతులు దులుపుకున్నాను.

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, నాలుగు ప్రైమ్ కాదు గద?"

వెనక వరుసలో హెచ్‌ఓడీ గారు కూర్చుని చూస్తున్నారు. తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం పోతుందనిపించింది. పరీక్షలో అంత ఆలోచిస్తే టైమ్ చాలదని కసిరాను.

ఆ పిల్ల వదల్లేదు. "ఉట్టి నాలుగే ఇస్తే సార్? మీ లెక్కల ఒకటే వస్తది. కానీ నాలుగంటే రెండు రెండ్లు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కి, అందులోనే పీట వేసుకుని కూర్చున్నాను.

"నాలుగు స్పెషల్ కేసమ్మా" అన్నాను.

హెచ్‌ఓడీ గారు లేచొచ్చి నా చేతిలోని చాక్‌పీసు తీసుకుని, నాలుగును రెండు స్క్వేర్‌గా మార్చారు. పదకొండు కాస్తా ఇరవై రెండయింది, జవాబు ఇరవై ఏడు. తర్వాత నన్ను వరండాలోకి పిలిచారు.

"తప్పు అందరికీ అయితది సార్. అయినా మిమ్మల్ని తీసుకుందమనే అనుకున్న. గా స్పెషల్ కేసు దగ్గర నా వల్ల కాలే."

ఇంటికెళ్లి సుజాతకు అంతా చెప్పాను. నవ్వుతుందేమోనని ఆశపడ్డాను. నవ్వలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని, "నీకు లెక్కలు నేను చెప్తాలే నాయనా" అంది.

ఆ రోజే భీషణ ప్రతిజ్ఞ చేశాను: ముక్కలు చేసి చూడందే ఏ అంకెనూ నమ్మను, నమ్మినా నోరు విప్పను. ఇప్పటికీ తప్పలేదు. మా పాప నాలుగో ఎక్కం అందుకుందంటే చాలు, నేను లేచి బాల్కనీలోకి వెళ్లిపోతాను.