మా తాత నోరు మూసుకున్న కోత పండుగ

మా చర్చికి యాభై ఏళ్ళు నిండినప్పుడు ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో మా తాత ఏసురాజుకి ఒక్క ముక్క దక్కింది: "మంచి గాయకుడు, దైవభక్తిపరుడు." అంతే. చదవగానే నాకు ఒళ్ళు మండిపోయింది. భక్తి సరే, కాదనను. కానీ మంచి గాయకుడు కావడం వల్లే ఆయన మీదికి ముప్పు వచ్చిందనీ, పాడటం ఆపాకే గట్టెక్కాడనీ రాయొద్దూ? వాళ్ళు రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఇదంతా మా మామ్మ, అంటే ఆయన భార్య పాపాయి, నాకు చెప్పిందే. ఆవిడ అబద్ధం ఆడదు గానీ తాతని వెక్కిరించే సందు దొరికితే మాత్రం వదలదు.

తాత అసలు పేరు మరిడయ్య. నరసాపురానికీ పాలకొల్లుకీ మధ్య, కాలువ గట్టున ఉన్న మా పేటలోనే పుట్టాడు. ఆయన పుట్టేనాటికి ఆ కాలువ కొత్తగా తవ్వింది. ధాన్యం, ఉప్పు, కొబ్బరికాయలు, పెళ్ళివారు, దొరలు, అందరూ దాని మీదే పోవాలి. గాలి లేకపోతే పడవ దానంతటది కదలదు కదా, మనుషులు లాగాలి. అయిదారుగురు తాడు భుజాన వేసుకుని గట్టు మీద వంగి నడిచేవారు. తాత మీసాలు రాకముందే ఆ తాడు పట్టాడు, ఇరవై నిండకుండా ముందు మనిషి అయ్యాడు. ముందు మనిషి పాట ఎత్తుకోవాలి, వెనకవాళ్ళు అందుకుని లాగాలి. ఆయన ఎత్తుకుంటే అవతలి గట్టున చేలో వరి ఊడుస్తున్న ఆడవాళ్ళు నడుం ఎత్తి చూసేవారట. అలా చూసినవాళ్ళలో మామ్మ ఒకతి. "గొంతు చూసి మోసపోయానే," అనేది.

1886లో మిషన్ దొరగారి పడవ లాగుతుంటే లాకుల దగ్గర తాడు తెగింది. తాత వెళ్ళి రాతికట్టు మీద పడ్డాడు. మోకాలి చిప్ప పగిలింది. తన పడవ వల్ల జరిగింది కదా అని దొరగారు ఆర్నెల్లు దగ్గరుండి మందు వేయించారు. కాలు అతికింది కానీ తాడు లాగే కాలు కాదని తేలిపోయింది. అప్పుడు ఆయనే, "నీ గొంతు పడవలను లాగినది. ఇకమీదట మా సంఘమును లాగవలెను," అన్నారట. దొరగారి తెలుగు అలాగే ఉండేది, అచ్చు పుస్తకంలా. తాతకి, మామ్మకి బాప్తిస్మం ఇచ్చారు. మరిడయ్య ఏసురాజు అయ్యాడు. పాట ఎత్తడం, గంట కొట్టడం ఆయన పని. చర్చి వెనక తాటాకు ఇల్లు ఆ పనితో పాటే వచ్చింది.

చర్చి అంటే పెద్ద కట్టడం ఊహించుకోకండి. మట్టిగోడలు, తాటాకు కప్పు, కింద చాపలు. ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు, అంతా కలిపి అరవై మంది. అందరూ కూలినాలి చేసుకునేవాళ్ళు. చదువు వచ్చినవాళ్ళు నలుగురు. ఆదివారం తాత నిలబడి కీర్తన ఎత్తుకునేవాడు. మొదటి చరణం నుంచి ఆఖరి చరణం దాకా కంచుగంటలా పాడేవాడు. సంఘం వినేది. శ్రద్ధగా, చేతులు కట్టుకుని వినేది. అయిదేళ్ళు అలాగే గడిచాయి.

1891లో దొరగారు సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళి వచ్చారు. అక్కడ వెయ్యి మంది కలిసి పాడుతుంటే పైకప్పు అదిరిందట. అది విన్న చెవులకి మా చర్చి చప్పగా తోచింది. మొదటి ఆదివారమే తాతని పిలిచారు.

"ఏసురాజూ, నీవు ఒక్కడవే పాడుచున్నావు. సంఘము చూచుచున్నది. ఆరాధనలో జీవము లేదు."

"గట్టిగా పాడతానండి."

"కోత పండుగకు రాజమండ్రి నుండి పెద్ద దొరలు వచ్చెదరు. అప్పటికిని సంఘము ఇట్లే ఉండిన యెడల, హార్మోనియము తెలిసిన వేరొకని తెచ్చుకొందుము."

వేరొకడు వస్తే వెనక ఇల్లు వాడిది. తాత మళ్ళీ తాడు పట్టాలి, ఆ కాలితో. కోత పండుగకి మూడు నెలలుంది. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి, "నా పని అయిపోయిందే పాపాయీ," అన్నాడట.

ఇక చూడండి ఆ మూడు నెలలూ. మొదట గొంతు పెంచాడు. శొంఠి, మిరియాలు నమిలి మరీ పాడాడు. చర్చి దూలం మీది పిచ్చుకలు లేచిపోయాయి గానీ సంఘం నోరు విప్పలేదు. తర్వాత జోరు పెంచాడు. ఉపదేశి అప్పాజీగారు, అంటే ప్రార్థన నడిపించే పెద్దాయన, చరణాలు వెతుక్కోలేక పుస్తకం మూసేశారు. తర్వాత తాళాలు తెచ్చాడు. తర్వాత అందరినీ లేచి నిలబడమన్నాడు. నిలబడ్డారు. నిలబడి విన్నారు. ఒక ఆదివారమైతే కుంటుకుంటూ వరసల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి మొహం మీద పాడాడు. ముసలమ్మలు హడలిపోయి ముసుగు ముందుకు లాక్కున్నారు.

ఆ రోజు ప్రార్థన అయ్యాక తాత కోపం ఆపుకోలేకపోయాడు. తనతో పదేళ్ళు తాడు లాగిన బుల్లబ్బాయిని గుమ్మంలో పట్టుకున్నాడు.

"ఒరే, కాలవ గట్టు మీద గొంతు చించుకుంటావు, ఇక్కడ నీ నోటికేం వచ్చిందిరా?"

బుల్లబ్బాయి నిజంగానే నొచ్చుకున్నాడు. "అదేంట్రా మరిడీ! నువ్వు పాడుతుంటే మధ్యలో అడ్డం పడతామా? దొరగారు పెట్టిన మనిషివి. మర్యాద ఉండొద్దూ? నువ్వు బాగా పాడుతున్నావు, మేం బాగా వింటున్నాం. ఇంకేం కావాలి నీకు?"

తాత వాణ్ణి వదిలేసి కుంటుకుంటూ ఇంటికి పోయాడు. మా గోదావరి మర్యాద మనుషుల్ని ఎంత బాగా చంపుతుందో నాకు తెలుసు కాబట్టి ఆయన మీద జాలేస్తుంది. ఇంట్లో అన్నం ముట్టలేదట. గొంతు కూడా బొంగురుపోయింది. పెద్ద దొరల ముందు పరువు పోతుందనే భయం ఒకటి, గూడు పోతుందనే భయం ఇంకొకటి. అన్నిటికీ మించి, ఇన్నాళ్ళూ తనదనుకున్న పాట తనని మోసం చేసిందని ఏడుపు. ఆ ఏడుపు తను కళ్ళారా చూశానని మామ్మ చెప్పింది. అది చెప్పేటప్పుడు వెక్కిరించలేదు.

పండుగ ఇంకో వారం ఉందనగా ఒక మిట్టమధ్యాహ్నం, ధాన్యం పడవ ఒకటి మా పేట ముందు బురదలో కూరుకుపోయింది. లాగుతున్నది బుల్లబ్బాయి జట్టే. ముందు మనిషి కొత్తవాడు, వాడి పాటకి తాడు ఒకసారి బిగుస్తుంది, ఒకసారి వదులవుతుంది. పడవ అంగుళం కదలడం లేదు. తాత గట్టు మీద నిలబడి కాసేపు చూశాడు. చూడలేకపోయాడు. బొంగురు గొంతుతోనే ఎత్తుకున్నాడు.

ఒక ముక్క పాడి ఆగాడు. "హైలెస్సా!" అని ఆరుగురూ ఒక్కసారి వంగారు. ఇంకో ముక్క పాడి ఆగాడు. మళ్ళీ వంగారు. నాలుగో పట్టుకి పడవ బురద వదిలి నీళ్ళలోకి జారింది.

మామ్మ నీళ్ళ బిందె చంకన పెట్టుకుని అక్కడే ఉంది. "అబ్బో, ఇక్కడ ఎంచక్కా నోరు మూసుకుంటున్నావే మావా! గుళ్ళో ఊపిరైనా తీసుకోవుగా?"

"పిచ్చిదానా, నేను ఆగకపోతే వాళ్ళెప్పుడు లాగుతారే?" అన్నాడు తాత విసుక్కుంటూ.

అని, నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. మామ్మ బిందె దించి ఆయన మొహంలోకి చూసిందట, ఎండదెబ్బ తగిలిందేమోనని. "ఆగడం లేదే పాపాయీ," అన్నాడు. "అయిదేళ్ళుగా నేను ఆగడమే లేదే!" గట్టు మీద ముందు మనిషికి ఎవరూ నేర్పనక్కర్లేని పని అది. చర్చిలో దొరగారు చూస్తున్నారన్న బెరుకుతో, ఎక్కడ నిశ్శబ్దం వస్తే తప్పవుతుందోనన్న భయంతో, సందు లేకుండా ఆయనే పాడేశాడు.

కోత పండుగ వచ్చింది. మా చర్చిలో ఆ రోజు మొదటి పంట దేవుడికి తెచ్చి పెడతారు. వరికంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ముందు కుర్చీల్లో రాజమండ్రి పెద్ద దొరలు ఇద్దరు, పక్కన మా దొరగారు. తాత నిలబడ్డాడు. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. కీర్తనలో మొదటి ముక్క పాడాడు. నోరు మూసుకున్నాడు.

ఎవరూ అందుకోలేదు. అందరూ ఆయన వంక చూస్తున్నారు, మర్చిపోయాడేమోనని. అప్పాజీగారు పుస్తకం చూపించి "పాడు, పాడు" అని సైగ చేస్తున్నారు. మా దొరగారి మొహం ఎర్రబడింది. ఆ నిశ్శబ్దంలో ఒక కోడి కొక్కొక్కో అంది. తాతకి పాడెయ్యాలని నాలిక దాకా వచ్చిందట. పాడలేదు. బుల్లబ్బాయి కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు, అంతే.

బుల్లబ్బాయి ఎంతసేపని ఓర్చుకుంటాడు? ముందు మనిషి పాడి ఆగితే లాగకుండా ఉండటం వాడి ఒంట్లో లేదు. కాలు నేలకి తన్ని, ఆ ముక్క మళ్ళీ పాడేశాడు. పక్కనున్న జట్టువాళ్ళు అయిదుగురూ కలిశారు. రెండో ముక్కకి ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చింది. అటు ముందు పాడింది తనేనని మామ్మ అంటుంది. ఇటు తనే మొదలెట్టానని మాత్రం, మర్యాద తప్పాడంటారేమోనని, బుల్లబ్బాయి చచ్చేదాకా ఒప్పుకోలేదు. మూడో ముక్కకి అరవై గొంతులూ కలిశాయి. ఒక్క మాట తప్పు పోలేదు. పోవడానికి వీల్లేదు కదా, అయిదేళ్ళు చేతులు కట్టుకుని విన్నారు! చదువు రానివాళ్ళందరికీ అన్ని చరణాలూ కంఠతా వచ్చు. ఆ సంగతి అప్పటిదాకా తాతకీ తెలియదు, దొరకీ తెలియదు, వాళ్ళకే తెలియదు.

తాత ఆ రోజు పాడింది సగమే. మిగతా సగం ఏడుస్తూ విన్నాడు.

మా దొరగారు వచ్చి చెయ్యి పట్టుకున్నారు. "ఏసురాజూ, నేను నిన్ను తొందరపెట్టితిని. నీవు ఆగితివి," అన్నారు. ఆ ఒక్కసారికి ఆయన పుస్తకం తెలుగు మామ్మకి కూడా ముద్దొచ్చిందట. ఇల్లు నిలిచింది. పెద్ద దొరలు సంబరపడిపోయి మరుసటి ఏడు హార్మోనియం కానుకగా పంపించారు. వాయించడానికి ఒక మాస్టారు కూడా వచ్చారు, తాతకి బదులుగా కాదు, తోడుగా. ఆయనకీ అదే జబ్బు, సందు కనపడితే పూరించేస్తారు. "వాయించండి బాబూ, కానీ ఇక్కడ చెయ్యి తీసెయ్యండి. వాళ్ళు లాగనివ్వండి," అని తాత రెండేళ్ళు పక్కన కూర్చుని చెప్పాల్సి వచ్చింది.

1904లో తాత పోయాడు, నాలుగు రోజుల జ్వరంతో. సమాధుల తోట కాలువ వెంట మైలు దూరం. వానలకి గట్టు దారి చిత్తడిగా ఉంది, అందుకని పెట్టెని పడవలో ఎక్కించారు. బుల్లబ్బాయి, తలపండిన మనిషి, తాడు ముందు నిలబడ్డాడు. మిగతావాళ్ళు వెనక. పేట పేటంతా గట్టు మీదే ఉంది. తాడు బిగించారు, ఆగిపోయారు. పాట ఎత్తుకునే మనిషి పెట్టెలో ఉన్నాడు. హార్మోనియం మాస్టారు తల వంచుకున్నారు.

పడవలో పెట్టె పక్కన కూర్చున్న మామ్మ ఎత్తుకుంది. ఆవిడ గొంతు బాగుండదు, నిజం చెప్పాలి. కోత పండుగ నాటి కీర్తనే, మొదటి ముక్క పాడి ఆగింది. గట్టంతా అందుకుంది. పడవ కదిలింది.

"నీకు ఏడుపు రాలేదా మామ్మా?" అని అడిగాను ఒకసారి.

"ఏడుస్తూ పాడితే ఆగాల్సిన చోట ఆగలేం కదే," అంది. "తోట రేవు చేరాక ఏడిచాను."