అమ్మ పెట్టె, నా ఆంప్

అమ్మ గొంతుది తప్పా, నా గిటార్‌ది తప్పా అన్నది తేలక ఆ వారమంతా పిచ్చిదానిలా తిరిగాను.

అవనిగడ్డలో మా సంఘంలో ఆడవాళ్ళ పాటకు అమ్మే పెద్ద. హార్మోనియం ముందేసుకుని కూర్చుందంటే పాస్టరుగారైనా ఆమె ఎత్తుకునేదాకా ఆగాల్సిందే. ఆమె సొంతంగా కట్టుకున్న పాట ఒకటుంది. సంఘం వార్షికోత్సవానికి పాటలు రికార్డు చేయిస్తూ అదీ వేస్తామన్నారు. ఆమె గొంతు, నా గిటార్, అంతే. ఇంట్లో రికార్డు చేసి పంపితే గుడివాడ స్టూడియో అబ్బాయి శుభ్రం చేస్తాడు. అమ్మ పైకి "నా పాటెవరు వింటారే" అంది గానీ, ఆ పొద్దున మిరియాల పాలు కాచుకు తాగింది.

హార్మోనియం మీద శ్రుతి అందుకుంది. దాని తిత్తుల చప్పుడు ఫోన్లో పడుతుందని పెట్టె పక్కకు జరిపి, ఒక్క ఊపులో పాడేసింది. ఎంత బాగా పాడిందంటే నాకు ఏడుపొచ్చింది.

తర్వాత నా వంతు. నా ఎలక్ట్రిక్ గిటార్, దాని మోత పెంచే బుల్లి ఆంప్ బందరులో చదువుకునే రోజుల్లో కొన్నవి. ఫోన్లో తీగల శ్రుతి చూపే ట్యూనర్ తెరిచి, ప్రతి తీగకూ పచ్చ దీపం వెలిగేదాకా బిగించాను. చెవిలో అమ్మ పాట పెట్టుకుని, ఆంప్ ముందు ఇంకో ఫోన్ నిలబెట్టి వాయించాను. వాయిస్తున్నప్పుడే ఏదో తేడా కొట్టింది. ఇయర్‌ఫోన్ల గోలేలే అనుకున్నాను. తీరా రెండూ కలిపి వింటే పచ్చి చింతకాయ కొరికినట్టుంది.

ఆ ఆంప్ పని పట్టాలనుకున్నాను. ఎప్పుడూ గుయ్యిమంటుంది వెధవది. ఫ్యాన్ కట్టేసి, చెమటలు కక్కుతూ, మంచం మీద పరుపుల మధ్య పెట్టాను. వంటింట్లో బియ్యం బస్తా పక్కన పెట్టాను. మంచం కింద దూర్చాను. "దాన్నట్లా ఇల్లంతా ఊరేగిస్తావేమే, కాసేపు కుదురుగా ఉండనీయవే" అంది అమ్మ. ఎక్కడ పెట్టినా అంతే. విడివిడిగా వింటే ఇద్దరం బంగారం, కలిపితే పొసగదు. నాకు బుర్ర పనిచెయ్యలేదు. విసుగొచ్చి ఉన్నదున్నట్టు గుడివాడ పంపేశాను.

మర్నాడు ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. చేతికి పిండి అంటుకుని ఉందని స్పీకర్ పెట్టాను.

"అక్కా, మీ గిటార్ కరెక్టుగానే ఉందండీ, మెషీన్లో చెక్ చేశాను. అమ్మగారే శ్రుతిలో లేరు. వయసు కదండీ, మళ్ళీ పాడించినా అంతే. మా దగ్గర బాగా పాడే అమ్మాయి ఉంది, ఆ పిల్ల చేత పాడించేద్దాం. రాసింది అమ్మగారని వేద్దామండీ. రేపటికల్లా చెప్పండి."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఏమని పోట్లాడను? మెషీనేమో ఆమె తప్పంటోంది. నా చెవేమో ఆమె సరిగ్గానే పాడిందంటోంది. అమ్మ చెవి నిజంగానే పోయిందా? లేక ఆమె పాట వింటూ పెరిగిన నా చెవి కూడా పోయిందా? అమ్మ వినేసింది. "ఎవరో ఒకరు పాడనీయవే, పాట బతికితే చాలు" అని చిక్కుడుకాయలు ముందేసుకు కూర్చుంది. తల మాత్రం ఎత్తలేదు.

సాయంత్రం కరెంటు పోయింది. అమ్మ ప్రార్థనకు హార్మోనియం దగ్గరికి లాక్కుంది. నేను గిటార్ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఆమె ఒక మెట్టు నొక్కి పట్టుకుంది. నా చెయ్యి దానంతటదే గిటార్ తల మీదికి పోయి తీగలు బిగించడం మొదలెట్టింది. ఆరాధనకు ముందు మాకదే అలవాటు. అమ్మ మెట్టు నొక్కుతుంది, మిగతావాళ్ళం దానికి కలుపుకుంటాం. అక్కడ ఎవరూ ఫోన్ తియ్యరు. నేనూ చిన్నప్పటి నుంచీ అట్లాగే కలుపుకున్నాను.

ప్రార్థన అయ్యేసరికి కరెంటు వచ్చింది. చేతిలో ఉంది కదా అని గిటార్ ఆంప్‌కి తగిలించి, అమ్మ మొన్న పాడిన రికార్డు వింటూ మళ్ళీ వాయించి రికార్డు చేశాను. ట్యూనర్ సంగతే మర్చిపోయాను. కలిపి విన్నాను. కుదిరింది. నమ్మబుద్ధి కాక మళ్ళీ విన్నాను.

అప్పుడు ట్యూనర్ తెరిస్తే ప్రతి తీగకూ ఎర్ర దీపమే. అన్నీ ఉండాల్సిన శ్రుతికన్నా కాస్త పైకెక్కి ఉన్నాయి. ఫోన్ హార్మోనియం దగ్గర పెట్టి మెట్టు నొక్కితే దానికీ ఎరుపే. చర్చికి కీబోర్డు కొన్నప్పుడు మా ఇంటికొచ్చిన పాత పెట్టె అది; ఆడవాళ్ళ పాటకు అమ్మ ఇప్పటికీ దాన్నే మోయించుకెళ్తుంది. ఏ రిపేరు మనిషి లోపలి ఇత్తడి రీడ్లు ఎప్పుడు గీకాడో, ఎన్నేళ్ళుగా కాస్త పైనే పలుకుతోందో. దాంతోపాటే అమ్మా పైనే పాడుతోంది. మరి తప్పెవరిది? నాకిప్పటికీ అర్థం కాదు.

కొత్తగా వాయించిన గిటార్ రికార్డు గుడివాడ పంపాను. కాసేపటికే ఫోన్.

"అక్కా, ఇప్పుడు భలే కుదిరిందండీ. ఇంకెవరూ అక్కర్లేదు, అమ్మగారి గొంతే ఉంచేద్దాం. మళ్ళీ పాడించారా?"

కాదు బాబూ, ఆ గొంతు అదే అనబోయాను. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"పాడానని చెప్పవే," అంది చిన్నగా. "లేకపోతే మళ్ళీ మెషీన్ పెడతాడు."